ఎడమ సీట్లో నూట ఇరవై కాయలు

నేలకి జానెడెత్తున పాకే కార్లంటే నాకు చిరాకు. వాటిని మోజుపడి తెచ్చుకునేవాళ్ళంటే ఇంకా చిరాకు. తెచ్చుకున్నాక, ఆ ఎత్తు కూడా ఎక్కువైనట్టు ఇంకా కిందికి దించుకునేవాళ్ళని చూస్తే, వీళ్ళకి ఉగ్గుగిన్నెలో ఏం కలిపి పోశారో అనిపిస్తుంది. ఇంత గట్టిగా ఎందుకు అనగలుగుతున్నానంటే, ఆ మూడు పనులూ డెబ్భై ఒకటో ఏట నేనే చేశాను.

కారు సంగతి ముందు చెబుతాను. ఎర్ర కారు. రెండే తలుపులు. ముందు ఇద్దరు కూర్చోవచ్చు. వెనక కూడా సీటనే పేరుతో ఒకటి ఉంది గాని, అందులో గొడుగు తప్ప మరెవరూ కూర్చోగా నేను చూడలేదు. గంటకి రెండు వందల ఇరవై కిలోమీటర్లు పోయే బండి. కొత్తపేట నుంచి అంబాజీపేట వెళ్ళే రోడ్డు మీద నేను దాన్ని నూట నలభైలో తోలాను. సరే, ఎనభై. ఆ ఎనభై కూడా ఒక్కసారే, అదీ పక్కనున్నావిడ చెబితే తెలిసింది. నేను ముల్లు వైపు చూడటం లేదు, ఎదురుగా వస్తున్న గేదె వైపు చూస్తున్నాను.

పక్కనున్నావిడ అంటే నా భార్య. నలభై నాలుగేళ్ళుగా నేను ఏ బండి తోలితే ఆ బండి మీద నాతో వచ్చిన మనిషి. సైకిలు వెనక కూర్చుంది, మోపెడు వెనక కూర్చుంది, బురదలో జారిపడ్డ స్కూటరు వెనక నుంచి లేచి చీర దులుపుకుని మళ్ళీ కూర్చుంది. అలాంటి మనిషి ఈ ఎర్ర కారు మాత్రం ఎక్కనంది. ఆవిణ్ణి మళ్ళీ ఆ ఎడమ సీట్లో కూర్చోబెట్టడానికి నేను పడ్డ పాట్లే ఇక్కడ రాస్తున్నాను. మిగతాదంతా ఇనప సామాను.

కారు మా బావమరిదిది. విశాఖపట్నంలో ఉంటాడు. ఏదో వయసులో మగవాళ్ళకి పట్టే పిచ్చి అతనికి కొంచెం ఆలస్యంగా పట్టి ఈ కారు తెచ్చుకున్నాడు. రెండేళ్ళు తిరిగేసరికి నడుం పట్టేసింది, డాక్టరు ఇంక దీన్లో కూర్చోవద్దన్నాడు. అప్పుడు, "బావగారూ, మీకు స్ప్రింగుల గురించి అంతా తెలుసు కదా, మీ దగ్గరుంటేనే దీనికి గౌరవం" అని నాకు అంటగట్టాడు. పొగిడి వదిలించుకునేవాళ్ళని నేను ఆమడ దూరం నుంచి పసిగడతాను. పసిగట్టే తెచ్చుకున్నాను.

స్ప్రింగుల గురించి నాకు అంతా తెలుసన్న మాట మాత్రం నిజం. అమలాపురంలో కాలేజీలో ముప్పై మూడేళ్ళు ఫిజిక్సు చెప్పినవాణ్ణి. నేను స్ప్రింగు పాఠం చెబుతుంటే పిల్లలు ఊపిరి బిగబట్టి వినేవారు. అందుకే ఊళ్ళో అందరూ నన్ను మాస్టారంటారు.

మా ఆవిడది కొబ్బరి వ్యాపారం. అంబాజీపేటలో వాళ్ళ నాన్నగారి కొట్టు ఆయన తరవాత ఆవిడే నడుపుతోంది. ఉదయం ఎనిమిదింటికల్లా ఆవిణ్ణి అక్కడ దింపి, నేను కాఫీ హోటల్లో పేపరు చదివి, అక్కడికొచ్చే పెద్దమనుషుల తెలివితక్కువతనాన్ని లోలోపల లెక్కేసుకుని, మధ్యాహ్నం ఆవిణ్ణి ఇంటికి తెచ్చేవాణ్ణి. రోజూ ఇదే. బావమరిది ఇచ్చినప్పుడు ఆ కారు ఉన్న ఎత్తులో, మా కాలువ వంతెనలన్నీ అది బుద్ధిగానే ఎక్కి దిగేది.

మరి కారుని కిందికి దించే కాయిలోవర్లు ఎందుకు వేయించానంటే, పాత షాకబ్జర్లు నూనె కారడం మొదలెట్టాయి. మార్చక తప్పలేదు. ఈ మాట నేను అందరికీ చెప్పాను, మా ఆవిడకి రెండుసార్లు చెప్పాను. నూనె కారలేదు. కాఫీ హోటల్ ముందు మా కారు పక్కన రోజూ ఒక తెల్లబండి వచ్చి ఆగేది. కాట్రేనికోన వైపు రొయ్యల చెరువుల ఆసామిది. చూరు దాకా ఉంటుంది, ఎక్కడానికి మెట్టు ఉంటుంది. ఆయన ఒకనాడు కిందికి చూసి, "మాస్టారూ, మీ కారు కూడా కొంచెం ఎత్తుగానే ఉందండోయ్, ఫొటోల్లో ఇవి నేలకి ఆనుకుని ఉంటాయి" అన్నాడు. రొయ్యకీ సొరకీ తప్ప మరి దేనికీ తేడా తెలియని మనిషి. అయినా ఆ మాట నాకు లోపల దిగిపోయింది.

కాయిలోవరు అంటే పెద్ద బ్రహ్మవిద్యేం కాదు. షాకబ్జరు చుట్టూ స్ప్రింగు. ఆ షాకబ్జరు ఒంటి నిండా మరలు. స్ప్రింగు అడుగున ఒక రింగు. కొక్కెంలాంటి పానా పట్టి ఆ రింగుని పైకి తిప్పితే కారు లేస్తుంది, కిందికి తిప్పితే కూర్చుంటుంది. పైన ఒక చిన్న మీట. దాన్ని తిప్పితే టిక్కు టిక్కుమంటూ బండి మెత్తనవుతుంది, లేదా బిరుసవుతుంది. అంతే. ఇంత మాత్రం దానికి ఇంటర్నెట్టులో ఒక్కొక్కడు గంటసేపు మాట్లాడతాడు. టోపీ తిరగేసి పెట్టుకుంటాడు, చక్రం పక్కన గొంతుకూర్చుంటాడు, పెళ్ళిచూపులకి వచ్చినవాడిలా నవ్వుతాడు. వాళ్ళందర్నీ నేను పూర్తిగా చూశాను. కొందర్ని రెండుసార్లు.

బిగించినవాడు అమలాపురంలో మెకానిక్. ఒక్క కారు పట్టే రేకుల షెడ్డు. నలభై ఏళ్ళుంటాయి. మాట మహా మర్యాద. అంత మర్యాదగా మాట్లాడేవాడికి పని రాదన్నది నా సిద్ధాంతం.

"ఎంత దించమంటారండి మాస్టారూ?" అన్నాడు, పెట్టె విప్పి నాలుగు కాయిలోవర్లూ గోనెపట్టా మీద పేరుస్తూ.

"పూర్తిగా."

"పూర్తిగా అంటే కష్టమండి. మనవి కాలువ వంతెనలండి. పొట్ట తగులుద్దండి."

"తగిలితే కారు పొట్ట కదా, నీది కాదుగా."

"ఆయ్. కారు మీదే కదండీ మరి."

"స్ప్రింగు గురించి నాకు చెబుతున్నావా?"

"అయ్యో, మీకు చెప్పేటంతవాణ్ణాండి" అని రింగు కిందికి తిప్పాడు. మడ్‌గార్డుకీ టైరుకీ మధ్య రెండు వేళ్ళు పట్టే సందు మిగిలింది. మీట కూడా చివరి టిక్కు దాకా, బిరుసు వైపు. షెడ్డులోంచి బయటికి తీస్తుంటేనే గుమ్మం దగ్గర గోకింది. అతను నా వైపు చూడలేదు. చూడకపోవడం కూడా మర్యాదేనని ఇప్పుడు తెలుస్తోంది. అప్పుడు పొగరనుకున్నాను.

మా ఆవిడ మర్నాడు పొద్దున్న కారు చూసి, "ఇదేమిటండీ, కూలబడిపోయింది?" అంది. చీర కుచ్చిళ్ళు పట్టుకుని, ఒళ్ళో క్యారేజీ పెట్టుకుని, బావిలోకి దిగినట్టు దిగింది ఆ సీట్లోకి. నేను స్పోర్ట్సు కారంటే ఎలా ఉండాలో పలివెల దాకా చెబుతూనే ఉన్నాను.

పలివెల దాటాక కాలువ మీద ఒక వంతెన ఉంది. గూనివాడి వీపులా మధ్యలో లేచి ఉంటుంది. సరిగ్గా అక్కడ రోడ్డు మధ్య ఒక గుంత వచ్చింది. తప్పించే వీలు లేకపోయింది. కారు వంతెన ఎక్కడం ఎక్కింది, దిగేటప్పుడు పొట్ట నేలకి కొట్టుకుంది. ఇనుము రోడ్డు మీద రాసుకున్న చప్పుడు కాలువ అవతలి గట్టు మీద చాకళ్ళు కూడా తలెత్తి విన్నారు. మా ఆవిడ సీట్లోంచి లేచి, పైకప్పుకి తల ఆనించి, మళ్ళీ కింద పడింది. క్యారేజీలో పైగిన్నె మూత ఊడి మజ్జిగపులుసు ఆవిడ ఒళ్ళోనూ, బావమరిది ముచ్చటపడి కుట్టించిన తోలు సీటు మీదా పడింది.

ఆవిడ నన్ను నానా మాటలూ అంది. కాదు. అని ఉంటే బాగుండేది. ఏమీ అనలేదు. బెల్టు విప్పుకుంది, దిగింది, నడుం మీద చెయ్యి వేసుకుని ఒక నిమిషం నిలబడింది. వెనక వస్తున్న ఆటోని చెయ్యెత్తి ఆపింది. "మీరు రండి. నేను ఇందులో వస్తాను" అంది. అంతే.

మర్నాడు ఆ ఆటోయే ఇంటి ముందుకి వచ్చి ఆగింది. ఆ మర్నాడూ వచ్చింది. నాలాగే తల నెరిసిన మనిషి, నాకంటే నిదానంగా తోలుతాడు. ఇంక చూడండి, రోజూ కొత్తపేట నుంచి అంబాజీపేట దాకా ముందు ఆటో, అందులో మా ఆవిడ, దాని వెనక గంటకి ముప్పైలో రెండు వందల ఇరవై పోయే ఎర్ర కారు, అందులో నేను, నా పక్కన ఖాళీ సీటు. ఎందుకు వెనకాలే వెళ్ళానో నన్నడక్కండి. రోడ్డు పక్కన కొబ్బరిబొండాలు కొట్టేవాడు మూడోరోజు కత్తి ఆపి, "మాస్టారండీ, బండి గాని ఆటోకి కట్టేరా ఏంటండి?" అన్నాడు. పని లేనివాళ్ళకి చూపు బాగా ఆనుతుంది.

వారం గడిచాక నేను గట్టిగా ఆలోచించాను. తప్పు కారుది కాదు, కాయిలోవరుదీ కాదు. ఖాళీ కారుని కొలిచి ఎత్తు పెట్టిన మెకానిక్‌ది. ఇంటర్నెట్టు టోపీవాళ్ళలో ఒకడు చెప్పాడు: మనిషి రోజూ కూర్చునే సీట్లో మనిషంత బరువు పెట్టి అప్పుడు రింగు తిప్పాలట. కుడివైపు నేనున్నాను. ఎడమవైపు ఆవిడ ఉండాలి. ఆవిడ బరువుకి సరిగ్గా సరిపోయేట్టు స్ప్రింగు పెట్టేస్తే, పూలపల్లకీలా ఉంటుంది, అప్పుడు రమ్మంటే వస్తుంది. ఇదీ పథకం.

కాని ఆవిడ బరువెంత? భార్యని ఆ ప్రశ్న మామూలు రోజుల్లోనే అడగలేం. మా మధ్య మాటలు అప్పటికి "అన్నం పెట్టేను" దగ్గర ఆగిపోయి ఉన్నాయి. అయితే మా అత్తవారిది కొబ్బరి ఇల్లు. అక్కడ బరువులు కిలోల్లో చెప్పుకోరు, కాయల్లో చెప్పుకుంటారు. పెళ్ళిచూపుల నాడు మా మామగారు నన్ను ఎగాదిగా చూసి, "కుర్రాడు తొంభై కాయలు కూడా తూగడు" అన్నారని మా అత్తగారు పోయేదాకా చెప్పి నవ్వేవారు. ఆ లెక్కన మా ఆవిడ నూట ఇరవై కాయల మనిషని తేల్చాను.

కొట్టు ముందు రాశి పోసిన కాయలు తియ్యడానికి లేదు. అవి లారీకి ఎత్తే కాయలు, ఆవిడ కళ్ళముందే లెక్క జరుగుతుంది. వెనక గదిలో అటక మీద మూతి కుట్టేసిన బస్తాలు కొన్ని ఎప్పుడూ ఉంటాయి. ఆవిడ ముందువైపు లారీ దగ్గర ఉన్నప్పుడు నేను వెనక గదిలోకి వెళ్ళాను. రెండు బస్తాలూ ఈ చేతులతోనే దింపి, భుజాన వేసుకుని కారు దాకా మోశాను. మోసింది కొట్టులో కూలీల ముఠామేస్త్రీ అనుకోండి. నేను తలుపు తీసి పట్టుకున్నాను.

"అమ్మగారితో అనకు" అన్నాను అతనితో.

"ఆయ్. అయితే మాస్టారండీ, ఆ బస్తాలు…"

"బస్తాకెన్ని కాయలు?"

"అరవయ్యండి. కానండి, అవి…"

"అరవై, అరవై, నూట ఇరవై. సరిగ్గా సరిపోయింది. చూడూ, ఈ కొట్టుకి నలభై నాలుగేళ్ళ అల్లుణ్ణి. కాయల గురించి నాకు పాఠం చెప్పకు."

"చిత్తమండి" అన్నాడు. చిత్తమనేటప్పుడు అతని మూతి కొంచెం వంకరపోయింది. వేళాకోళమేమోనని నాకు అనుమానం రాకపోలేదు. కాని కూలివాడి మూతి కేసి చూస్తూ కూర్చునే తీరిక నాకు లేదనుకున్నాను.

ఒక బస్తా సీట్లో, ఒక బస్తా కాళ్ళు పెట్టుకునేచోట. సీట్లో దానికి బెల్టు కూడా పెట్టాను. ఎవరూ చూడటం లేదని నిర్ధారించుకుని, బస్తా మూతి దగ్గర గోనెని కొంచెం సర్దాను. ఎందుకు సర్దానో తెలియదు.

అమలాపురం వెళ్తుంటే మొదటి స్పీడు బ్రేకరు దగ్గరే వినిపించింది. లొటలొటలొట. రెండో దాని దగ్గర మళ్ళీ. గతుకు వస్తే చాలు, ఎముకలు మూటగట్టి కుదిపినట్టు చప్పుడు. వారం నుంచీ నా మనసంతా ఆటో మీద ఉంది కాబట్టి ఇంతకుముందు గమనించలేదనుకున్నాను. చూశావా, బిగింపు సరిగ్గా లేదు! నాకు కోపం వచ్చిందంటే అబద్ధం. సంతోషం వేసింది. తప్పు దొరికింది, అదీ ఇంకొకడిది.

షెడ్డు ముందు కారాపి, దిగకుండానే మొదలెట్టాను. "నువ్వు వేసింది కాయిలోవర్లు కాదయ్యా, గిలక్కాయలు."

మెకానిక్ చేతులు తుడుచుకుని వచ్చాడు. జాకీ పెట్టి చక్రం ఊపి చూశాడు, నట్లన్నీ చూశాడు. "ఇక్కడేం లేదండి మాస్టారూ" అన్నాడు. లేదంటే నేనొప్పుకుంటానా? నాలుగూ విప్పించాను. మళ్ళీ బిగించాడు. పనిలో పనిగా, నన్ను కుడి సీట్లో కూర్చోబెట్టి, ఎడమ సీట్లో బస్తాలతో ఎత్తు కొలిచి రింగులు తిప్పాడు. ఆ సీటు మాత్రం ముట్టుకోవద్దన్నాను. కారు రోడ్డెక్కించగానే లొటలొట.

మర్నాడు మళ్ళీ విప్పించాను. మళ్ళీ లొటలొట. మూడోరోజు అతనే నా పక్క కిటికీ దగ్గర చెయ్యి ఆనించి కారుతో పాటు నాలుగు అడుగులు నడిచి, "చప్పుడు కింద నించి కాదండి. లోపల్నించి వస్తున్నట్టుందండి" అన్నాడు.

అప్పుడు షెడ్డు దగ్గర మరో ఇద్దరు బళ్ళవాళ్ళున్నారు. వాళ్ళకి వినపడేట్టు నేనొక మాటన్నాను. "నీకు పానా పట్టుకోవడం నేర్పినవాడెవడో వాణ్ణి పిలు. వాడికి చెబుతాను."

అతను కిటికీ మీంచి చెయ్యి తీసేశాడు. తరవాత, "మా నాన్నగారండి. పోయేరండి" అన్నాడు.

ఆ మాటకి నేను వెంటనే కారు దిగి క్షమాపణ చెప్పుకున్నానని ఇన్నాళ్ళూ మావాళ్ళతో చెబుతూ వచ్చాను. చెప్పలేదు. "సరే, రేపొస్తాను" అని కారు తిప్పుకుని వచ్చేశాను. దారంతా చప్పుడు నాతోనే వచ్చింది.

ఆ మధ్యాహ్నం ఆటో వచ్చే వేళకి ఎప్పటిలాగే అంబాజీపేట కొట్టు దగ్గరికి వెళ్ళాను. గేటు దగ్గర మురుగుకాలువ మీద రాతిపలక ఉంది. రెండు రోజులుగా బస్తాలు కనబడకుండా బయటే ఆపుతున్నవాణ్ణి, ఆవేళ పరధ్యానంలో దాని మీదుగా కారు లోపలికి తెచ్చేశాను. లొటలొటలొట. ముందువైపు కాయలు ఏరిస్తున్న మా ఆవిడ చటుక్కున తలెత్తింది.

"ఆగండి."

ఆగాను.

"ఒకసారి వెనక్కి వెళ్ళి మళ్ళీ రండి."

నాకు గుండె పొంగింది. పది రోజులకి ఆవిడ నా కారు గురించి అడిగిన మొదటి మాట. వెనక్కి వెళ్ళి మళ్ళీ వచ్చాను. పలక మీద ఇంకోసారి లొటలొటలాడింది. కిటికీ దించి, "వింటున్నావు కదూ, అదీ బిగింపు లోపం. పైన మౌంటింగు దగ్గర…" అని మొదలెట్టాను. ఆవిడ నా మాట వినడం లేదు. ఎడమ తలుపు దగ్గరికి వచ్చి తెరిచింది. బెల్టు పెట్టుకుని కూర్చున్న బస్తాని పై నుంచి కింది దాకా చూసింది.

"ఎవరండీ ఈవిడ?"

"నువ్వే" అన్నాను. ఇంక దాచి లాభం లేదు.

ఏరుడు పని ఆగిపోయింది. ఆవిడ కొడవలితో బస్తా మూతి కుట్టు కోసి, ఒక కాయ తీసి, నా చెవి దగ్గర పెట్టి ఊపింది. లొటలొట.

"కురిడీ" అంది.

తెలియనివాళ్ళ కోసం చెబుతాను, అంటే నాలాంటివాళ్ళ కోసం. కాయని నెలల తరబడి అటక మీద వదిలేస్తే లోపలి నీరంతా ఇగిరిపోతుంది, కొబ్బరి ఎండి చిప్పని వదిలేసి గుండులా లోపలే దొర్లుతుంది. అది కురిడీ. ఉత్తరాది ఊళ్ళకి పోతుంది. ఊపితే చప్పుడు చేస్తుంది. పచ్చికాయలో సగం బరువు కూడా ఉండదు. అంబాజీపేటలో పాలు తాగే పిల్లకి కూడా తెలిసిన సంగతి. నేను మూడు రోజులు ఆ చప్పుడికి నాలుగు చక్రాలు విప్పించాను. పైగా సగం మనిషిని కూర్చోబెట్టి స్ప్రింగు పెట్టించాను. ఆవిడ నిజంగా ఎక్కి ఉంటే ఆ వంతెన మీద పొట్ట మళ్ళీ తగిలేది.

"నేను చెప్పబోయేనండి అమ్మగారూ" అన్నాడు ముఠామేస్త్రీ, తువ్వాలు మూతికి అడ్డం పెట్టుకుని. "మాస్టారు పాఠం చెప్పొద్దన్నారండి."

"ఎన్ని కాయలండీ నేను?" అంది ఆవిడ.

"నూట ఇరవై."

"పచ్చివా, కురిడీయా?"

"పచ్చివే."

"అలా అనుకున్నారన్నమాట." చేతిలో కాయ బరువు చూస్తూ, "ముప్పై మూడేళ్ళు స్ప్రింగులకి తూకపురాళ్ళు తగిలించేరు కదండీ. తగిలించే ముందు రాయిని చేత్తో ఎత్తి చూసేవారు కాదా?" అంది.

ఇక్కడొక సంగతి చెప్పుకోవాలి. నేను ఫిజిక్సు చెప్పలేదు. లాబ్ అసిస్టెంటుని. పిల్లలకి స్ప్రింగులూ తూకపురాళ్ళూ తీసి ఇచ్చి, సాయంత్రం లెక్క చూసి బీరువాలో పెట్టేవాణ్ణి. పాఠం చెప్పినాయన వేరు. రిటైరయ్యాక ఎవరో మాస్టారన్నారు. దిద్దలేదు. దిద్దకపోగా, నడకలో కొంచెం మాస్టారితనం కూడా కలిపాను. ఊరందరి ముందూ ఆవిడ ఆ సంగతి ఏనాడూ ఎత్తలేదు. ఆనాడూ నాకొక్కడికే అర్థమయ్యేట్టు ఎత్తింది.

"ఈ చప్పుడికి ఎవర్ని తిట్టేరు?"

చెప్పాను. గిలక్కాయల మాట చెప్పాను. రెండోది చెప్పకుండా దాటేద్దామనుకున్నాను గాని, ఆవిడ చేతిలో ఇంకా కొడవలి ఉంది. అదీ చెప్పాను. వాళ్ళ నాన్నగారు పోయారన్న మాటా చెప్పాను.

ఆవిడ కాయ బస్తాలో పడేసింది. "వీటిని దింపించండి. అమలాపురం పదండి."

"కారెక్కుతావా?"

"ఆటో వచ్చింది. మీరు వెనకాల రండి."

ఖాళీ కారులో చప్పుడు లేదు. ఆటో వెనక పది కిలోమీటర్లు నేను ఆ నిశ్శబ్దం వింటూ వెళ్ళాను. ఎంత బాగా బిగించాడు!

షెడ్డు దగ్గర పొద్దుటి బళ్ళవాళ్ళలో ఒకడున్నాడు. మంచిదే, వినేవాడు ఉండాలి. నేను కారు దిగి, మెకానిక్ ఎదురుగా నిలబడి, "చప్పుడు నీ పనిలో లేదు. నేను పెట్టిన బస్తాల్లో ఉంది. కురిడీ కాయలు. పొద్దున్న మీ నాన్నగారి గురించి నేనన్న మాట తప్పు. ఆయన బాగా నేర్పారు" అన్నాను. ఇంతకన్నా గొప్పగా చెప్పానని రాయాలనుంది. ఇంతే చెప్పాను, అదీ మధ్యలో ఒకసారి గొంతు సవరించుకుని.

"అయ్యయ్యో, అంత మాటెందుకండి" అని అతను ఇబ్బందిగా పక్కకి చూశాడు. తరవాత ఎప్పటికో ఫక్కున నవ్వాడు. "కురిడీ కాయలాండి! నేను రెండు రాత్రులు పడుకోలేదండి. నా చెవులు పోయేయనుకున్నానండి."

మా ఆవిడ ఆటోలోంచి దిగి వచ్చింది. "ఇప్పుడు అసలు బరువుతో కొలవండి బాబూ" అని ఎడమ తలుపు తీసుకుని కూర్చుంది. నా మొహంలో ఏం కనిపించిందో, "ఇది ఎక్కడం కాదు, తూకం" అంది.

నేను కుడివైపు కూర్చున్నాను. మెకానిక్ మడ్‌గార్డుకీ టైరుకీ మధ్య వేళ్ళు పెట్టి చూశాడు. "ఒకటిన్నరండి" అన్నాడు.

"నాలుగు ఉండాలి" అంది ఆవిడ.

"నాలుగా? అప్పుడింక స్పోర్ట్సు కారెందుకు?" అన్నాను.

"ఆ మాట మా తమ్ముణ్ణి అడగండి."

జాకీ మీద కారు లేస్తోంది, దిగుతోంది. అతను నాలుగు మూలలా రింగులు తిప్పుతున్నాడు. తిప్పిన ప్రతిసారీ కారుని ముందుకీ వెనక్కీ నాలుగు గజాలు దొర్లించి, స్ప్రింగు కుదురుకున్నాక అప్పుడు కొలుస్తున్నాడు. మా లాబ్‌లోనూ అంతే, రాయి ఊగడం ఆగాకే కొలత తీసుకోవాలి. ఆ సంగతి తెలిసినవాణ్ణి నేను పని రానివాడన్నాను. మేమిద్దరం లోపల కూర్చుని ముందుకీ వెనక్కీ దొర్లుతున్నాం, రంకులరాట్నంలో పిల్లల్లాగా. ఆవిడ ముందుకే చూస్తూ చెప్పింది.

"స్ప్రింగులకీ నాకూ ఏ తగవూ లేదండి. వంతెన ముందు నెమ్మది, నెమ్మది అని రెండుసార్లన్నాను. వినపడిందా లేదా?"

వినపడలేదని చెప్పడానికి నా దగ్గర కావలసినంత వయసుంది. వాడుకోలేదు. వంతెన దగ్గర గుంత లేదు. నున్నటి రోడ్డు. ముందు రొయ్యల ఆసామి తెల్లబండి పోతోంది, వంతెన లోపు దాన్ని దాటి, అద్దంలో నా కారు ఎంత కిందికి ఉందో ఆయనకి చూపించాలనుకున్నాను.

"వినపడింది" అన్నాను. "తెల్లబండిని దాటాలనుకున్నాను."

"దాటేరా?"

"లేదు."

మెకానిక్ నాలుగో చక్రం దగ్గర పానా తిప్పుతున్న చప్పుడు వినిపిస్తోంది. "ఈ ముక్క ఆ రోజే చెబితే ఇంత ఇనుము విప్పించక్కర్లేకపోయేది కదండీ" అంది ఆవిడ.

మీట కూడా సగానికి పైగా మెత్తన వైపు తిప్పించింది. అతను మళ్ళీ వేళ్ళు పెట్టి చూసి, "నాలుగండి. ఇంచుమించు కంపెనీ ఎత్తుకి వచ్చేసిందండి" అన్నాడు. అంటే నా బావమరిది ఇచ్చిన ఎత్తు. ఇన్నాళ్ళూ తిరిగి తిరిగి నేను బయల్దేరిన చోటికే వచ్చాను, దారిలో అందర్నీ తిట్టుకుంటూ.

"ట్రయల్ చూడాలండి. అమ్మగారు కూర్చుంటేనే తెలుస్తాదండి" అన్నాడు మెకానిక్, నా వైపు చూడకుండా. ఈసారి ఆ చూడకపోవడం ఎందుకో నాకు అర్థమైంది.

ఆవిడ దిగలేదు. బెల్టు లాగి పెట్టుకుంది.

ఆటోవాడు కూడా ఇంటిదారే కాబట్టి మా వెనకే బయల్దేరాడు. అంబాజీపేట దాటాం. పలివెల ఇంకా రాకముందే వంతెన కనిపించింది. ఎవరూ ఏమీ అనకముందే నేను కాలు తీసేశాను. అయినా ఆవిడ, "నెమ్మది" అంది. ఇంకా తగ్గించాను. "నెమ్మదండీ." ఇంక తగ్గిస్తే వెనక్కి వెళ్ళేట్టున్నాం. వెనక ఆటోవాడు హారను కొట్టాడు. అంత నిదానంగా తోలే మనిషికి కూడా ఓపిక పోయింది. కారు ముక్కు లేచింది, గూని మీద ఒక క్షణం నిలబడింది, దిగింది. ఏదీ ఎక్కడా తగల్లేదు. అవతలి గట్టు మీద ఎవరూ తలెత్తలేదు. ఆవిడ ఒళ్ళో ఖాళీ క్యారేజీ కూడా కదల్లేదు.

ఆటో మమ్మల్ని దాటుకుంటూ పోయింది. ఆటోవాడు దాటుతూ దాటుతూ లోపలికి వంగి ఎడమ సీటు వైపు చూసి, పళ్ళన్నీ కనిపించేలా నవ్వాడు. వాడి పళ్ళు ఎంత ఘోరంగా ఉంటాయో అప్పుడే చూశాను.

"రేపట్నుంచి రానక్కర్లేదని ఆయనకి చెప్పాలి" అంది మా ఆవిడ.

"నేను చెబుతాలే."

"వద్దండి, నేను చెబుతాను. మీరైతే ఇంకేదో కలుపుతారు."